ఒక్క మ్యాచ్ ఆడి ఎఫ్.ఏ. కప్: 1873 విజేత, ఊరి బడి కమిటీ

[తెరపై: పాత బంగారు పతకం బొమ్మ, పైన గొలుసుకు తగిలించే చిన్న రింగు]

విక్టోరియా కాలపు ఫుట్‌బాల్ పతకం ఏది వేలానికి వచ్చినా ఒకటే మాట: "పాపం, పొద్దంతా మిల్లులో చాకిరీ చేసి, రౌండు మీద రౌండు గెలిచి సంపాదించుకున్నాడు." 1883లో ఎఫ్.ఏ. కప్పు (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, అంటే ఎఫ్.ఏ., నడిపే పోటీ) కొట్టిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు గురించైతే ఒప్పుకుంటాను, అందులో నూలు మిల్లు కార్మికులున్నారు. అదే కథను పదేళ్లు వెనక్కి లాక్కెళ్లి 1873కి కూడా అంటగడితేనే ఒళ్లు మండుతుంది.

పతకాన్ని మన ఊళ్లో శిలాఫలకం అనుకోండి. పేరు, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఇటుకలు ఎవరు మోశారో, పని ఎన్నాళ్లు సాగిందో ఉండదు.

1873లో గెలిచిన వాండరర్స్ జట్టు ఫలకం మీద పేర్లలో ఒకటి విలియం కెన్యన్-స్లేనీ. 1847లో మన గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పుట్టాడు, తండ్రి బొంబాయి అశ్వికదళంలో అధికారి. ఇంటిపేరులో 'స్లేనీ' తల్లి వైపు తాతది. ఆ తాత 1862లో పోయాక ష్రాప్‌షైర్‌లోని హాటన్ గ్రేంజ్ ఎస్టేట్‌తో పాటు పేరూ ఈ కుటుంబానికి వచ్చింది. ఈటన్ బడి, ఆక్స్‌ఫర్డ్, ఆ తర్వాత గ్రెనేడియర్ గార్డ్స్ సైనిక దళం. మిల్లు ఊసే లేదు!

ఇక కప్పు సంగతి. దాని పూర్తి పేరులో 'చాలెంజ్' అనే మాట ఉంది, మొదట్లో దాన్ని అక్షరాలా పాటించారు. ముందు ఏడాది గెలిచిన జట్టు కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. మిగతా జట్లు కొట్టుకుని, నెగ్గుకొచ్చినవాడు వచ్చి దాన్ని సవాలు చెయ్యాలి. పైగా మైదానం ఎక్కడో చెప్పే హక్కు కూడా కూర్చున్నవాడిదే. 1872లో గెలిచింది వాండరర్స్. కాబట్టి 1873లో వాళ్లు ఆడింది ఫైనల్ ఒక్కటే, అదీ వాళ్లు ఎంచుకున్న లిల్లీ బ్రిడ్జ్ మైదానంలో. ఎదురు జట్టు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీది ఇంకో తమాషా: సెమీఫైనల్లో గ్లాస్గో జట్టు క్వీన్స్ పార్క్ తప్పుకోవడంతో బంతి ముట్టకుండానే ఫైనల్‌కి వచ్చేసింది.

మార్చి 29, శనివారం. మధ్యాహ్నం థేమ్స్ నది మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పడవ పందెం ఉందని మ్యాచ్ పొద్దున్నే పెట్టారు. జనం ఎటు పోతారో నిర్వాహకులకు బాగా తెలుసు! మొదటి గోల్ వాండరర్స్ కెప్టెన్ కినైర్డ్ కొట్టాడు. వెనకబడ్డ ఆక్స్‌ఫర్డ్ ఏం చేసిందంటే, గోల్‌కీపర్ని గోల్ వదిలేసి ముందుకెళ్లి దాడి చెయ్యమంది. ఖాళీ గోల్. వాండరర్స్ ఆటగాడు వాలస్టన్ రెండోది వేశాడు. 2-0, కథ ముగిసింది.

కెన్యన్-స్లేనీ ఆ రోజు గోల్ కొట్టలేదు. ఫలకం మీద పేరుంది గానీ, తను మోసింది ఒక్క బస్తా సిమెంటు. చేతకాక కాదండోయ్! సరిగ్గా మూడు వారాల ముందు, మార్చి 8న లండన్ ఓవల్ మైదానంలో స్కాట్లాండ్ మీద ఇంగ్లండ్ 4-2తో గెలిచిన మ్యాచ్‌లో తనవే రెండు గోల్స్. అంతకు ముందున్న ఒకే ఒక్క అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ 0-0గా ముగిసింది కాబట్టి, ఆ రెండింటిలో మొదటిది అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ చరిత్రలోనే తొలి గోల్. ఇంగ్లండ్‌కి మళ్లీ ఆడలేదు. తర్వాత ఈటన్ పాత విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌తో 1875, 1876 ఫైనల్స్‌కి వచ్చి, రెండుసార్లూ ఓడిన పక్షంలోనే మిగిలాడు.

[తెరపై: హాల్‌మార్క్ ముద్రలు, పెద్దగా]

ఇలాంటి పతకం చేతికొస్తే పేరు తర్వాత చదవండి, ముందు వెనక్కి తిప్పండి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం చాలు. లంగరు గుర్తుంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్. 15, .625 అనే అంకెలుంటే అది 15 క్యారట్ల బంగారం. ఆ స్థాయి 1854 నుంచి 1932 వరకే ఉంది. విక్టోరియా రాణి తల ముద్ర పన్ను కట్టినట్టు గుర్తు, అది 1890లో ఆగిపోయింది. ముద్ర ఉంటే వస్తువు ఆ లోపుదే. లేకపోతే మాత్రం ఏదీ తేల్చకండి, చిన్న వస్తువులకు మినహాయింపులుండేవి.

మోసం ఎక్కువగా చెక్కడంలో జరుగుతుంది. పతకం అంచులు, రింగు లోపలి వైపు అరిగి నున్నగా ఉండి, పేరులోని గీతలు మాత్రం నిన్న చెక్కినట్టు పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. తళతళలాడాలని పాలిష్ పెట్టించేవాళ్లకో దండం: ముందు పోయేది ఆ హాల్‌మార్కే. ఇంకో మాట. 1872 విజేతలకు బంగారు పతకాలిచ్చింది ఎఫ్.ఏ. కాదు, సొంత క్లబ్ కమిటీ. ఎఫ్.ఏ. ఇచ్చింది పట్టు బ్యాడ్జీ.

టైమ్ అయిపోతోంది, అసలు ఫలకానికి వచ్చేద్దాం. 1886లో కెన్యన్-స్లేనీ ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్ నుంచి కన్సర్వేటివ్ ఎంపీ అయ్యాడు. 1902లో విద్యా చట్టం వచ్చింది. స్కూల్ బోర్డులు రద్దు, చర్చి బడుల్లో టీచర్ల జీతాలకు స్థానిక పన్నుల డబ్బు. ఒక్కో చర్చి బడికి మామూలుగా ఆరుగురు మేనేజర్లు: నలుగురు బడి ట్రస్టు తరఫున, ఇద్దరు స్థానిక సంస్థల తరఫున. మరి మత పాఠం ఎవరి చేతిలో? చాలా ట్రస్టు పత్రాల్లో, అంటే బడి ట్రస్టు నియమాలు రాసిన దస్తావేజుల్లో, అది ఒక్క పాదిరి గుత్త. కెన్యన్-స్లేనీ సవరణ దాన్ని మొత్తం కమిటీ చేతికిచ్చింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మత పాఠాన్ని కౌన్సిల్‌కి అప్పగించారని. ఆరుగురిలో ఇద్దరు ఎలా శాసిస్తారండీ? పాఠం ట్రస్టు పత్రం ప్రకారమే ఉండాలి. అలా ఉందో లేదో తేల్చే అధికారం పత్రంలో బిషప్‌కి రాసి ఉంటే, అదీ అలాగే ఉంటుంది. మారిందల్లా ఒక్క మనిషి పెత్తనం. పాదిరి గారు రోమన్ కాథలిక్ పద్ధతులు నూరిపోస్తాడేమోనని భయపడే సాధారణ చర్చి సభ్యులకు అది ఊరట, ఆ పద్ధతులకు దగ్గరగా ఉండే హై చర్చి పాదిరులకు మంట. తన పార్టీకి అండగా ఉండే వర్గాన్నే ఇలా గిల్లాడు మరి!

ఈసారి సిమెంటు తనే కలిపాడు, పేరూ తనదే పడింది. చట్టంలో అది ఏడో సెక్షన్, ఆరో సబ్ సెక్షన్, వాడుకలో కెన్యన్-స్లేనీ క్లాజ్. చర్చి బడులకు మన డబ్బేంటని పన్ను కట్టడం మానేసిన నాన్‌కన్ఫార్మిస్టులు (ఇంగ్లండ్ అధికారిక చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లు) దీనితోనూ చల్లబడలేదు, అది ఇంకో వీడియోకి సరిపడా గొడవ. 1908 ఏప్రిల్‌లో, ఎంపీగా ఉండగానే చనిపోయాడు. 1902 చట్టం తెచ్చిన పద్ధతి మాత్రం 1944 చట్టం వచ్చేదాకా నడిచింది.