పక్కింటి భాషలో వంటపాఠం

వసుంధర: నమస్కారం. అమెరికాలోని గృహిణుల విద్యా క్లబ్బులు హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే మూలాలున్న కుటుంబాలకు ఎలా దగ్గరయ్యాయన్నది ఈ వారం విషయం. కానీ మాధవ్ పోయినసారి న్యూమెక్సికో ఇళ్ల ఎండుమిర్చి దండ దగ్గర ఆపాడు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టక తప్పదు.

మాధవ్: తప్పదక్కా. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చాక, ఊళ్లకు వ్యవసాయం, ఇంటి పనుల పాఠాలు చెప్పే ప్రభుత్వ విభాగమైన ఎక్స్‌టెన్షన్ సర్వీస్ ఏజెంట్లు ఊరూరా తిరిగి క్లబ్బులు పెట్టించారు గానీ, న్యూమెక్సికోలో ఆ ఏజెంట్లలో చాలామందికి స్పానిష్ రాదు, వినవలసిన ఇల్లాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు. 1929లో ఫబియోలా కాబెసా దె బాకా అనే ఆవిడ ఏజెంటుగా చేరాకనే ఆ గోడ కొంత కరిగింది. ఆవిడ స్పానిష్ ఇంట్లో పెరిగిన మనిషి, పైగా అక్కడి ఆదివాసుల పుయెబ్లో గ్రామాల కోసం వాళ్ల తేవా భాష కూడా నేర్చుకున్నారు. ప్రమాదంలో ఒక కాలు పోయినా ఉద్యోగం మానలేదు. 1934లో ఆహారం గురించిన పుస్తకాన్ని స్పానిష్‌లోనే రాశారు.

వసుంధర: ఆ ఊళ్లకు ప్రెషర్ క్యానర్, అదే సీసాల్లో నిల్వపెట్టే ఆహారాన్ని ఆవిరి పీడనంతో వేడిచేసే పాత్ర, పరిచయం చేసినవారిలో ఆవిడా ఒకరని చెప్పకుండా దాటేస్తున్నావు.

మాధవ్: దాటేయడం లేదు, అక్కడే నాకు బాధ. గుమ్మడి ముక్కలు, మొక్కజొన్న, మిరప ఎండబెట్టుకుని ఏడాదంతా తిన్న ఇళ్లవి. మన వరుగుల్లాంటివే. వాటి స్థానంలో సీసాలు రావాలని చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు ఆ వరుగుల గురించి అడిగారా అన్నదే నా ప్రశ్న.

వసుంధర: ఆవిడ అడిగారు, రాసి కూడా పెట్టారు. అయితే బీన్స్, మాంసం వంటి పులుపు లేని పదార్థాలను సీసాల్లో నిల్వ చేస్తే, బోటులిజం అనే ప్రాణాంతక విషబాధ తెచ్చే క్రిమి బీజాలు మరిగే నీటికి చావవు. పీడనం కింద 116 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి అందాలి. న్యూమెక్సికో రాజధాని శాంటా ఫే దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ నీరు 93 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

మాధవ్: మళ్లీ ఎత్తు లెక్కకే వచ్చారు.

వసుంధర: వస్తాను, వదలను. ఆ లెక్క తనకు అర్థమయ్యే మాటల్లో అందని తల్లి పెట్టిన సీసా పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. భాష మర్యాద కోసం మాత్రమే కాదు మాధవ్, ప్రాణం కోసం.

మాధవ్: (కాసేపు ఆగి) అవునక్కా. ఆ కోణం నుంచి నేను ఆలోచించలేదు.

వసుంధర: అసలు విషయానికి రెండు మాటలే మిగిలాయి. 1969లో మొదలైన సమాఖ్య ప్రభుత్వ పోషకాహార విద్యా కార్యక్రమం, ఏ వాడలో చెప్పాలో ఆ వాడ మహిళలనే తీసుకుని శిక్షణ ఇచ్చింది. క్లబ్బులకు నేను చెప్పేదీ అదే: కరపత్రం అనువదించే ముందు ఆ ఇంటి పొయ్యి దగ్గర కూర్చోండి.

మాధవ్: కూర్చుంటే వాళ్లు ముందు వడ్డిస్తారు. మొన్న మా ఎదురింటి మెక్సికో ఆవిడ ఎండుమిర్చి నానబెట్టి నూరుతుంటే, ఆ వాసనకి నేను నిలబడిపోయాను. అది అచ్చంగా మా అమ్మమ్మ రోటి దగ్గరి...

వసుంధర: ఆ రోటి సంగతి నువ్వు ఇంకా పూర్తిగా చెప్పనే లేదు. వచ్చే వారం చెప్పు, ఉంటాం.