మాను పడ్డాక కర్ర ఎవరికివ్వాలి? – ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. పోయిన వారం ఒకావిడ ఫోన్ చేసి, "చెట్టు కొట్టించాం, కర్ర ఊరికే ఇచ్చేద్దామంటే ఎవరికివ్వాలో తెలియడం లేదు" అన్నారు. సమాధానం చెప్పేలోపే లైన్ కట్టయింది. తర్వాత చూస్తే అదే ప్రశ్న చాలామందికి ఉంది. అందుకే ఈ వేళ కార్యక్రమం అంతా దాని మీదే. అటవీ శాఖలో రేంజ్ ఆఫీసర్‌గా చేసి రిటైరయిన పెద్దాయన మనతో ఉన్నారు. నమస్కారం సార్.

సలహాదారు: నమస్కారమండి. మా వీధిలో కొమ్మ విరిగితే సాయంత్రానికి పుల్ల మిగలదు. ఆవిడ ఊరేమిటో!

నిర్వాహకురాలు: మొదటి ఫోన్ పార్వతీపురం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మా పెరట్లో పనస చెట్టు. మా అత్తగారు కాపురానికి వచ్చేటప్పటికే కాయలు కాసేదట. మొన్న గాలివానకి వేళ్లు పైకి తేలి గోడ మీదకి వాలిపోయింది. కొట్టించేశాం. మాను అలాగే పడి ఉంది. మా మరిది దాన్ని పొయ్యి కట్టెలకి ముక్కలు చేయించేస్తానంటున్నాడు. రేపు పొద్దున్నే మనిషి వస్తాడు.

సలహాదారు: రేపటి మనిషిని ఆపించండమ్మా. ముందు ఆ ఫోన్ చెయ్యండి, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం. మాను లావెంత ఉంటుంది?

శ్రోత: కొలవలేదండి. నిలబడి ఉన్నప్పుడు కావలించుకుంటే నా చేతులు కలిసేవి కావు.

సలహాదారు: అంటే చుట్టుకొలత అయిదడుగులకి తక్కువ ఉండదు. కొమ్మలు చీలేదాకా తిన్నగా ఎంత పొడవు ఉంది?

శ్రోత: మా మంచం కంటే కాస్త ఎక్కువేనండి. ఏడడుగులు ఉంటుందేమో.

సలహాదారు: మీరు బొబ్బిలికి పక్కనే ఉండి పనస మాను పొయ్యిలో పెడతారా తల్లీ? బొబ్బిలి వీణ చేసేది పనస కర్రతోనే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా ఆ పని చేసే కుటుంబాలు ఉన్నాయి. కుండ అంటే గుండ్రటి బుర్ర, దండి అంటే పొడవాటి కాడ, అన్నీ ఒకే దుంగలోంచి తొలిచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. వీణ పొడవు నాలుగడుగుల పైమాటే. అందుకని వాళ్లకి కావలసింది ముడులు లేకుండా తిన్నగా సాగిన దుంగ. మీ మరిది దాన్ని అడుగున్నర ముక్కలు చేయించాడనుకోండి, మళ్లీ అతికించలేం కదా.

శ్రోత: అయ్యో, నాకు తట్టనే లేదండి. వాళ్లు తీసుకుంటారంటారా?

సలహాదారు: చూసుకుని చెబుతారు. లోపల తొర్ర ఉందో, పురుగు పట్టిందో మీరూ నేనూ ఫోన్లో చెప్పలేం. మొదలు కోసిన చోట ఒక ఫోటో, పక్క నుంచి పొడవు కనిపించేలా ఇంకొకటి తీసి పంపండి. కోసిన చోట మధ్యలో పసుపుపచ్చగా ఉందా?

శ్రోత: ఉందండి. పసుపు కలిపినట్టే ఉంది. చుట్టూ ఒక బెత్తెడు తెల్లగా ఉంది.

సలహాదారు: ఆ పచ్చనిదే చేవ. వాళ్లు వెతికేది దాన్నే. వీణకి పనికి రాదంటే నిరాశ పడకండి, మృదంగం కట్టె కూడా పనసే. దానికి రెండున్నర అడుగుల ముక్క చాలు. ఈలోగా మీరు ఒక పని చెయ్యాలి. దుంగ రెండు చివరలకీ పాత పెయింటు ఉంటే పెయింటు, లేదంటే పేడ దట్టంగా మెత్తండి. కర్రలో తడి పక్కల నుంచి కంటే కోసిన మొహం నుంచి తొందరగా పోతుంది. అందుకే చివర్ల నుంచే బీటలు తీస్తుంది. నేల మీద పడేయకుండా కింద రెండు చిన్న మొద్దులు వేసి, నీడన పెట్టించండి.

శ్రోత: డబ్బులేమీ వద్దండి మాకు. మా అత్తగారి చెట్టు, మంచి పనికి పోతే చాలు.

సలహాదారు: చాలా మంచి మాట. కానీ ఎత్తుకెళ్లే ఖర్చు ఎవరిదో ముందే అనుకోండి. మీరు చెప్పిన కొలతకి ఆ పచ్చి దుంగ మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. నలుగురు మనుషులతో లేచే బరువు కాదు. ఇంకో మాట. బండి కదిలే ముందు, కర్ర తీసుకెళ్లడానికి అనుమతి కాగితం గురించి మీ రేంజ్ ఆఫీసులో అడగండి. గాలికి పడిన చెట్టని ఫోటో చూపించండి. ఊరికే ఇచ్చారా, అమ్మారా అన్నది చెక్‌పోస్టులో ప్రశ్న కాదు. కాగితం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

శ్రోత: మరి మా మరిదికి ఏం చెప్పనండి?

సలహాదారు: కొమ్మలన్నీ ఆయనవేనని చెప్పండి. ఈ ఏడాది కట్టెలకి లోటుండదు.

నిర్వాహకురాలు: (నవ్వుతూ) తర్వాతి ఫోన్ కరీంనగర్ నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే సార్. మా ఇంటి ముందట పెద్ద వేపచెట్టు ఉండె. చెట్లు కొట్టే ఆయన వచ్చి, "పైసలేం వద్దు, కర్ర నాకియ్యి" అన్నాడు. మంచిదే కదా అని సరే అన్నాం. మాను మొత్తం ట్రాక్టర్‌లో వేసుకుపోయాడు. కొమ్మలు, ఆకు, చితుకులు, మొద్దు అన్నీ మాకే వదిలిపెట్టాడు. ఇప్పుడు దారికి అడ్డంగా గుట్ట పడింది. మాను బడికి బల్లల కోసం ఇద్దామనుకున్నాం, అది పాయె.

సలహాదారు: ఈ బేరం రాష్ట్రమంతా ఇట్లనే నడుస్తుందండి. కొట్టుడు కూలి కంటే వేప మాను విలువ ఎక్కువ. ఆయనకి ఆ లెక్క తెలుసు, మీకు తెలియదు. తలుపు చట్రాలకి, గడపలకి వేప వాడతారు. చేదు కర్ర కాబట్టి చెద తొందరగా అంటదు. గొడ్డలి పడకముందే మూడు ముక్కలు కాగితం మీద రాసుకోవాలి: మాను ఎవరిది, కొమ్మలు ఎవరు ఎత్తాలి, మొద్దు పీకేది ఎవరు. ఒక్క మాట అడుగుతా, అనుమతి తీసుకున్నారా?

శ్రోత: మా జాగాలో చెట్టుకు కూడా కావాలా సార్?

సలహాదారు: కావాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, సొంత జాగాలో చెట్టుకి కూడా వర్తిస్తుంది. కొన్ని జాతులకి మినహాయింపులు ఉన్నాయి, అవి అటవీ ఆఫీసులో చెబుతారు. అసలు చెట్టు ఎందుకు కొట్టించారు?

శ్రోత: ఎండిపోయింది సార్. కొసలన్నీ మాడినట్టు అయినయి.

సలహాదారు: అయ్యో. 2021లో రెండు రాష్ట్రాల్లోనూ వేపలు అట్లనే మాడాయి, గుర్తుందా? ఒక శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు. చచ్చిపోయాయని చాలామంది కొట్టించారు. కొట్టకుండా వదిలిన చెట్లు చాలావరకు మళ్లీ చిగురేశాయి. ఈసారి గోటితో బెరడు గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే చెట్టు బతికున్నట్టే. సరే, అయిపోయింది కదా. ఆ కొమ్మలు మీ ఊళ్లో మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ఇంకా కట్టెల పొయ్యి మీద వండుతుంటే వాళ్లకి ఇవ్వండి. పచ్చివి ఇవ్వకండి, పొగకి కళ్లు పోతాయి. చీల్చి, ఎండలో పేర్చి, ఆరాక ఇవ్వండి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. దబ్బుమని మోగితే ఇంకా తడి ఉన్నట్టు.

నిర్వాహకురాలు: వాట్సాప్‌లో ఒక ప్రశ్న సార్. గన్నేరు కొట్టించారట, కట్టెలు పనిమనిషికి ఇవ్వొచ్చా అని.

సలహాదారు: వద్దు. గన్నేరు పొగ కూడా విషమే. భోగి మంటలో కూడా వెయ్యకూడదు. పిల్లలు అడిగినా ఇవ్వకండి.

నిర్వాహకురాలు: హైదరాబాద్ నుంచి ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు లైన్లో ఉన్నారు.

శ్రోత: సార్, మా గేటు బయట తురాయి చెట్టు గాలికి పడింది. కారు అద్దం పగిలింది. నేను వాట్సాప్ గ్రూపులో "కర్ర ఫ్రీ, కావాల్సినవాళ్లు తీసుకెళ్లండి" అని పెట్టాను. గంటలో పదిమంది దిగారు. ఒకాయన మిషన్ రంపం తెచ్చాడు, చెప్పులతోనే చెట్టెక్కాడు. నాకు ఒకటే టెన్షన్.

సలహాదారు: టెన్షన్ పడాల్సిందే. గేటు బయట ఉన్నది మీ చెట్టు కాదండి, అది మున్సిపల్ కార్పొరేషన్‌ది. మీది కానిది మీరు ఫ్రీగా ఇచ్చారు! ఆయన్ని దింపేశారా?

శ్రోత: దింపేశాను సార్. కొమ్మ కొట్టగానే మాను ఒక్కసారిగా ఎగిరింది. అప్పుడు భయమేసింది.

సలహాదారు: పడిన చెట్టు నిలబడిన చెట్టు కంటే ప్రమాదం. కొమ్మలు నేలకి ఆనుకుని విల్లులా వంగి ఉంటాయి. తప్పు చోట కోస్తే తిరిగి మొహం మీదకి వస్తుంది. కార్పొరేషన్‌కి ఫోన్ చెయ్యండి, వాళ్ల మనుషులే కోస్తారు. కోసి పక్కన పెట్టాక ఎవరికైనా ఇవ్వొచ్చేమో వాళ్లనే అడగండి. తురాయి మెత్తటి కర్ర, తొందరగా పుచ్చుతుంది. సామాను చేయిద్దామని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నిర్వాహకురాలు: చివరి ఫోన్, నూజివీడు నుంచి ఒక పెద్దాయన. చెప్పండి తాతగారూ.

శ్రోత: ఆఁ... అమ్మాయ్, మా నాన్న నాటిన మామిడి. కాపు ఆగిపోయి మూడేళ్లయింది, మొదలు డొల్ల పడింది. కాగితాలన్నీ మావాడు తెచ్చాడు, వచ్చే వారం కొట్టిస్తాడు. నేను శ్మశానానికి ఇద్దామంటున్నాను. ఊళ్లో కట్టెలకి కటకటగా ఉంది. మా కోడలేమో ఇంట్లో మనుషులుండగా ఆ మాటేమిటి, అశుభం అంటుంది.

సలహాదారు: మీరు ఇవ్వాలనుకోవడంలో అశుభం ఏముందండీ. దహనానికి మామిడి వాడడం మన దగ్గర మామూలే. అమ్మాయికి మాత్రం ఇలా చెప్పండి: చెట్టు నాది కాదు, మా నాన్నది, ఆయన పేరున ఇస్తున్నాను అని.

శ్రోత: అలా అంటే ఒప్పుకుంటుందేమో. ఎన్ని శవాలకి వస్తుంది బాబూ ఇది?

సలహాదారు: ఒక దహనానికి మూడు నాలుగు వందల కిలోల ఎండు కట్టె పడుతుంది. పచ్చి మానులో చాలా బరువు నీళ్లదే. తూచి చూసి, ఆరితే సగం పోతుందనుకుని లెక్క వెయ్యండి. డొల్ల లేని మొదలు ఏమైనా ఉందా?

శ్రోత: ఛాతీ ఎత్తు పైన గట్టిగా ఉంది. కొడితే తెలుస్తుంది.

సలహాదారు: అయితే ఆ భాగం ఒక మూడడుగులు పక్కన పెట్టించండి. మామిడిని వదిలేస్తే నీలం మరకలు పడతాయి, పురుగు పడుతుంది. కాబట్టి కొట్టిన వారం పది రోజుల్లో కోత మిల్లుకి పంపండి. ముందు మేకులు చూసుకోండి. పెరటి చెట్లకి బట్టల తీగ మేకులు ఉంటాయి, రంపం పళ్లు పోతాయని మిల్లువాళ్లు తిప్పి పంపేస్తారు.

శ్రోత: మేకులా! మా ఆవిడ నలభై ఏళ్లు అక్కడే బట్టలు ఆరేసింది. ఒకటా, రెండా.

సలహాదారు: బెరడు మింగేసి ఉంటుంది. చిన్న అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిప్పితే పైపైన ఉన్నవి దొరుకుతాయి. లోపలికి పోయినవి దొరకవు, మిల్లువాడికి ముందే చెప్పేయండి. రెండంగుళాల పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చండి. అంగుళానికి ఏడాది అని పాతవాళ్ల లెక్క. మన ఎండలకి అంత పట్టదు.

శ్రోత: పలకలు ఎందుకయ్యా నాకు?

సలహాదారు: రెండు పీటలు చేయించండి. ఒకటి మీకు, ఒకటి మీ కోడలికి.

శ్రోత: నాకు కింద కూర్చుంటే లేవడం రాదు బాబూ. రెండూ దానికే చేయిస్తాను.