హెచ్-4 పిల్లలు: ఇంటి ఆచారానికీ అమెరికా చట్టానికీ మధ్య

[తెరపై: టెక్సాస్, ఫ్రిస్కో పట్టణం, ఒక ఫంక్షన్ హాలు]

నమస్కారం. పద్నాలుగేళ్ల తెలుగు అమ్మాయికి ఓణీల వేడుక జరుగుతోందనుకుందాం. మేనమామకు విజిటర్ వీసా రాకపోవడంతో ఆయన గుంటూరు నుంచి వీడియో కాల్‌లోనే దీవిస్తున్నారు. ఆయన పంపిన పట్టు ఓణీని పిన్ని సర్దుతుంటే, అమ్మాయి తెలుగు ప్రశ్నలన్నింటికీ ఇంగ్లీషులోనే జవాబిస్తోంది. బడిలోని స్నేహితురాళ్లను పిలవాలా వద్దా అన్న విషయమై ఆ ఇంట్లో ఎన్నో రోజులు వాదన నడిచింది. తాను ఈడేరిన సంగతి నలుగురికీ తెలిపే వేడుక ఇదని వారికి ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

దీన్ని తరాల అంతరమని తేల్చేయడం ఆ పిల్లకు అన్యాయం చేయడమే. చాలామంది తల్లిదండ్రులు తాము విమానం ఎక్కిన నాటి తెలుగునాడునే సంప్రదాయంగా పిల్లలకు అందిస్తారు. ఈలోగా హైదరాబాదులో పెరిగిన పెదనాన్న కూతురి జీవితం ఎంతో మారిపోయి ఉంటుంది. సెలవులకు వచ్చినప్పుడు ఆ అక్కకున్న స్వేచ్ఛను చూసి, తనకే ఇన్ని కట్టుబాట్లు ఎందుకని అమ్మాయి అడిగితే, తల్లిదండ్రుల దగ్గర సూటి సమాధానం ఉండదు.

[తెరపై: హెచ్-1బి, హెచ్-4]

ఇంతకన్నా బరువైన సంగతి వీసా. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాపై అమెరికాలో పనిచేసేవారి జీవిత భాగస్వాములకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు హెచ్-4 హోదా లభిస్తుంది. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు, అంటే శాశ్వత నివాస అనుమతులు, ఏడాదికి సుమారు 1,40,000 కాగా, కుటుంబ సభ్యులను కూడా ఆ లెక్కలోనే కలుపుతారు. ఒక్కో దేశానికి సాధారణంగా 7 శాతం పరిమితి ఉండడంతో భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోగా 21 ఏళ్లు నిండితే పిల్లల హెచ్-4 హోదా ముగిసిపోతుంది. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం గ్రీన్ కార్డు పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని పిల్లల వయసులోంచి తీసివేస్తుంది గానీ, ఆ తర్వాత గ్రీన్ కార్డు కోసం వరుసలో వేచి ఉన్న ఏళ్లను పట్టించుకోదు. చిన్నప్పుడే అమెరికాకు వచ్చినవారిని దేశం నుంచి పంపేయకుండా కాపాడేందుకు 2012లో వచ్చిన డాకా పథకం చట్టబద్ధ హోదా లేనివారి కోసం ఉద్దేశించినది కాబట్టి, తల్లిదండ్రులు నిబంధనలన్నీ పాటించి తీసుకువెళ్లిన ఈ పిల్లలకు అందులో చోటు దక్కలేదు.

ఈ తేడా పదహారో ఏటే బయటపడుతుంది. తోటివారు వేసవిలో ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసి సంపాదించుకుంటుంటే, హెచ్-4 పిల్లలకు ఆ అనుమతి ఉండదు. 2015 నుంచి కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇస్తున్నా, అది పిల్లలకు వర్తించదు. కాలేజీ చదువుకు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఆర్థిక సహాయం కూడా అందదు. ఇంట్లో తెలుగుదనం చాలదని మందలింపు, బయట అమెరికన్ కాదన్న చట్టం: ఈ రెంటినీ ఒకే వయసులో మోయడం చిన్న విషయం కాదు.

ఇలాంటి పిల్లలకు శాశ్వత నివాసానికి దారి చూపే బిల్లును 2021లోనూ, తిరిగి 2023లోనూ అమెరికా కాంగ్రెస్‌లో ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. అందువల్ల చాలామంది ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారుతున్నారు. ఆ దరఖాస్తును 21 నిండకముందే పెట్టుకోవాలి.

ఆచారాల గురించి గంటలకొద్దీ చెప్పే ఇళ్లలో కూడా ఈ వీసా సంగతిని పిల్లలు బెంగపడతారన్న భయంతో దాచిపెడుతున్నారు. పిల్లలు హైస్కూలులో చేరేనాటికే ఆ కాగితాలను వారి ముందుంచి, ఏ ఆచారం ఎందుకో కూడా అదే ఓపికతో వివరించి, వద్దనే హక్కును వారికి ఇవ్వాలని తల్లిదండ్రులను కోరుతున్నాను.