తల దొరకని కోటసారస్‌కి తల గీద్దాం

(కందుకూరులో పిల్లల వేసవి శిబిరం చివరి రోజు చేసిన ప్రసంగం)

పిల్లలకీ, వాళ్లని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకీ, పెద్దలకీ నమస్కారం.

నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఈ పది రోజుల్లో చాలామంది తల్లిదండ్రులు నన్ను ఒకటే మాట అడిగారు. "ఎప్పుడో పోయిన డైనోసార్ల బొమ్మలు వేస్తే పిల్లలకి ఏమొస్తుంది మేడమ్?" అని. గుమ్మం దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇవాళ తీరిగ్గా చెబుతాను.

పాఠం చదివేటప్పుడు తెలియని సంగతి ఉన్నా కళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి. బొమ్మ గీసేటప్పుడు అలా కుదరదు. తెలియని చోట పెన్సిల్ ఆగిపోతుంది. మోకాలు ఎటు వంగాలి? తోక నేల మీద ఉండాలా, గాల్లో ఉండాలా? అది తెలిస్తేనే తర్వాతి గీత పడుతుంది.

ముందుగా కాళ్ల సంగతి చూడండి. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఈ జంతువులకి డైనోసార్లని పేరు పెట్టాడు. భయంకరమైన బల్లి అని దాని అర్థం. మనమూ రాక్షస బల్లి అనే అంటున్నాం. ఆ పేరు మనసులో ఉండబట్టే మొదటి రోజు ఇక్కడ అందరూ బల్లి కాళ్లే గీశారు. మర్నాడు ప్రహరీ మీద తొండని చూసి రమ్మన్నాను. దాని కాళ్లు ఒంటికి రెండు పక్కలకీ చాపినట్టు ఉంటాయి, పొట్ట నేలకి దగ్గరగా ఉంటుంది. తర్వాత పెరట్లో కోడిని చూడమన్నాను. దాని కాళ్లు స్తంభాల్లాగా ఒంటి కిందనే ఉంటాయి. డైనోసార్ నిలబడింది కోడి పద్ధతిలోనే, తొండ పద్ధతిలో కాదు.

ఆ మర్నాడు ఏడో తరగతి పాప ఒకామె చికెన్ కొట్టు నుంచి కోడి కాలు కవర్లో పెట్టుకుని తెచ్చింది. నలుగురం చుట్టూ కూర్చున్నాం. పసుపు రంగు చర్మం, ముందు వైపు పెంకులు కప్పినట్టు వరసగా పొలుసులు. ముందుకి మూడు వేళ్లు, వెనక చిన్నది ఒకటి. కోసిన చోట తెల్లటి తాడులాంటిది కనబడుతుంటే ఆ పాప పట్టుకుని లాగింది. వేళ్లు ఒక్కసారిగా ముడుచుకున్నాయి! పిల్లలు కెవ్వున అరిచి, వెంటనే నేను లాగుతానంటే నేను లాగుతానని పోటీపడ్డారు. తర్వాత దాన్ని తడి చెరువు మట్టిలో నొక్కాం. మూడు వేళ్ల గుర్తు పడింది. మాంసం తినే డైనోసార్లు రాళ్లలో వదిలిపోయిన అడుగులూ ఇదే వాటంగా ఉంటాయి. పక్షులు ఆ వంశంలో మిగిలిన కొమ్మేనని ఇవాళ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. నేలపట్టులో గూడబాతుల్ని, పులికాట్‌లో ఫ్లెమింగోల్ని చూసొచ్చిన పిల్లలు డైనోసార్ల బంధువుల్ని చూసొచ్చినట్టే.

తోక విషయంలో నేనే చాలా ఏళ్లు తప్పు గీశాను. బడి గోడల మీద నేను వేసిన ప్రతి డైనోసార్ తోకా నేల మీద ఈడ్చుకుంటూ పోయేది. ఒకసారి ఆరో తరగతి అబ్బాయి అడిగాడు, "టీచర్, తోక ఈడిస్తే అడుగుల మధ్యలో చార పడాలి కదా?" అని. వెతికి చదివితే వాడి మాటే నిజమైంది. ప్రపంచంలో దొరికిన అడుగుజాడల్లో తోక చార కనబడేది చాలా అరుదు. తోకని లేపి, బరువు సరిచూసుకుంటూ నడిచాయన్న మాట. ఆ గోడ బొమ్మని మళ్లీ వేసేటప్పుడు ఆ అబ్బాయినే పక్కన నిలబెట్టుకున్నాను.

ఇలాంటి తప్పు చరిత్రలోనూ ఉంది. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి నిలువెత్తు డైనోసార్ బొమ్మల్ని నిలబెట్టాడు. వాటిలో ఇగ్వానడాన్ అనే డైనోసార్‌కి ముక్కు మీద కొమ్ము పెట్టాడు. 1878లో బెల్జియం బొగ్గుగనిలో దాని అస్థిపంజరాలు ఒక్కచోటే బోలెడు బయటపడ్డాయి. చూస్తే అది కొమ్ము కాదు, బొటనవేలి ముల్లు! ఆ బొమ్మలు ఇప్పటికీ అక్కడే, ముక్కు మీద కొమ్ముతోనే ఉన్నాయి. తీసేయకపోవడం మంచిదనే నా ఉద్దేశం. అప్పటికి దొరికిన ఎముకల్ని బట్టి ఆయన అంతదాకా రాగలిగాడని మనకి తెలుస్తుంది.

రంగుల గురించి కూడా అడుగుతుంటారు. పచ్చరంగే వేయాలా అని. చైనాలో 1996లో బయటపెట్టిన సైనోసారాప్టెరిక్స్ అనే డైనోసార్ ఒంటి మీద సన్నటి ఈకల నూగు ఆనవాళ్లున్నాయి. ఆ నూగులో మిగిలిన రంగు రేణువుల్ని పరీక్షించి, తోక మీద ఇటుకరంగు, తెలుపు పట్టీలు ఉండేవని 2010లో చెప్పారు. చాలా వాటి రంగు మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడ మీ ఇష్టం.

మరి మన వైపు ఏమైనా ఉందా? నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. మార్కాపురం పలక అందరికీ తెలుసు. ఆ పలకరాయి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాట. డైనోసార్లు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. అంటే పలక మీద డైనోసార్ బొమ్మ గీస్తే, బొమ్మలోని జంతువు కంటే కింద ఉన్న రాయే పాతది. అందులో డైనోసార్ ఎముక దొరికే అవకాశమే లేదు. కానీ ఒంగోలు ప్రాంతంలో వేమవరం పేరుతో భూగర్భ శాస్త్రంలో నిలిచిపోయిన రాతి పొరలున్నాయి. 1879లోనే ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి ఆకుల అచ్చుల్ని వర్ణించి ప్రచురించాడు. ఈత మట్టలా రెండు పక్కలా సన్నటి ఆకులున్న టైలోఫిల్లం అందులో ఒకటి. డైనోసార్లు తిరిగిన కాలపు మొక్క అది. అందుకే మన పిల్లల బొమ్మల్లో వెనక కొబ్బరిచెట్టు, కింద గడ్డి వద్దన్నాను. వేమవరం ఆకు వేయమన్నాను.

ఇక వీధిలో డైనోసార్‌ని ముగ్గుగా వేసిన కథ. బారాపాసారస్ అనే మన దేశపు డైనోసార్ పొడవు సుమారు 14 మీటర్లు. గోదావరి, ప్రాణహిత లోయలో దొరికింది. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే నాకంటే ఎత్తు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి ఏడాది కావడంతో పేరులో ఆయన్నీ కలిపి బారాపాసారస్ టాగోరై అన్నారు. దాని అస్థిపంజరం కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాన్ని నిజం సైజులో మా వీధిలో ముగ్గుపిండితో గీద్దామని పోయిన సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాం. మెడ దగ్గరికి వచ్చేసరికే గీత వంకరపోయింది. ఎదురింటి పెద్దావిడ పళ్లెం చేత్తో పట్టుకుని అరుగు దిగి వచ్చింది. "ఏందమ్మా, చుక్కలు పెట్టకుండా ఇంత ముగ్గు యాడన్నా నిలబడుద్దా?" అంది.

ఆ మాటతో పని దారిలో పడింది. గళ్ల నోటుబుక్కులో బొమ్మని 31 గళ్ల పొడవున వేశాం. గడికి ఒక మూర. ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుచుకుంటూ వీధి పొడవునా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ఎవరి మూర వాళ్లది కాబట్టి కొలత మొత్తం ఆవిడ చేతితోనే. నోటుబుక్కు గడిలో గీత ఎలా పోతే, నేల మీద ఆ గడిలో అలాగే. గోడల మీద పెద్ద బొమ్మలు వేసే చిత్రకారులు చేసేదీ ఇదే. పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్లే వాళ్లు సైకిళ్లు దిగి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిపించుకుంటూ వెళ్లారు. ఒకాయన తోక దగ్గర నుంచి తల దాకా అడుగులు లెక్కపెట్టి, మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి లెక్కపెట్టాడు.

వచ్చే ఆదివారం మా వీధిలోనే కోటసారస్ అనే డైనోసార్‌ని గీద్దాం. అది మన తెలుగు నేల మీద, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. పేరులో ఉన్న కోట మన గూడూరు దగ్గరి కోట కాదు, ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట. 1988లో శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి గారు దానికి పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంది, వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి. పొడవు సుమారు 9 మీటర్లు, ఇరవై మూరలు. ఎముకలు కుప్పలుగా దొరికాయి గానీ తల దొరకలేదు. తలలోవి దొరికినవి రెండు పళ్లే, చెంచా ఆకారంలో ఉన్నవి.

అందుకని ముగ్గు మెడ దాకానే వేద్దాం. తల ప్రతి పిల్లా, పిల్లవాడూ ఇంట్లో పలక మీద గీసి తీసుకురావాలి. ఆ పన్ను ఉదయగిరి చెక్క చెంచాలా ఉంటే ఆకు ఎలా కోసి ఉంటుంది, దవడ ఎంత ఉండాలి, కన్ను ఎక్కడుంటే వెనక నుంచి వచ్చే శత్రువు కనబడుతుంది, అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించండి. ఒక్కో పలకా మెడ చివర పెట్టి చూద్దాం. ఎందుకలా గీశారో గీసినవాళ్లే చెప్పాలి. పొద్దున అయిదున్నరకల్లా రండి, ఎండ ఎక్కకముందే చుక్కలు పెట్టేయాలి. ముగ్గుపిండి నేను తెస్తాను.