మూడు ఆల్బమ్‌లా, డెబ్బై రెండు ట్రాకులా: నిర్వాణా టేపుల మీద చర్చ

(2023 అక్టోబరు చివరి వారంలో, అమెరికా రాక్ బ్యాండు నిర్వాణా మూడో ఆల్బమ్ 'ఇన్ యుటెరో' ముప్పయ్యేళ్ళ ప్రత్యేక ముద్రణ విడుదలైన మర్నాడు రికార్డు చేసిన చర్చ. పాల్గొన్నవారు: ఒక సౌండ్ ఇంజనీరు, ఒక సంగీతం టీచరు, హైదరాబాద్ బ్యాండులో వాయించే ఒక యువ గిటారిస్టు. మాటల మీద మాటలు పడ్డ చోట సరిచేయకుండా ఉన్నదున్నట్టే ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. 1993లో 'ఇన్ యుటెరో' వచ్చినప్పుడు అందులో పన్నెండు పాటలు. నిన్న పెట్టెగా వచ్చిన ప్రత్యేక ముద్రణలో 72 ట్రాకులు. వాటిలో 53 ఇప్పటిదాకా అధికారికంగా బయటికి రానివి. బ్యాండు గాయకుడు, గిటారిస్టు కర్ట్ కొబేన్ చనిపోయి ఇరవై తొమ్మిదేళ్ళు దాటింది. అవుననడానికి, వద్దనడానికి మనిషి లేడు. మరి ఈ డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోంది? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు మీరు సార్.

ఇంజనీరు: డబ్బు సంగతి తర్వాత. ముందు లెక్క తేల్చుకుందాం. 'బ్లీచ్' 1989, 'నెవర్‌మైండ్' 1991, 'ఇన్ యుటెరో' 1993. మూడు. నిర్వాణా అంటే ఈ మూడే. ఇవి ఆ బ్యాండు కూర్చుని, విని, కొట్లాడుకుని, సరే అని పంపించినవి. మిగతాదంతా స్టూడియో నేల ఊడ్చి మూట కట్టింది. మూట ఎంత పెద్దదైనా అది ఆల్బమ్ కాదు.

టీచరు: మూడేనని ఎలా అంటారండీ? 1992 డిసెంబరులో 'ఇన్‌సెస్టిసైడ్' వచ్చింది. పాత డెమోలు (నమూనా రికార్డింగులు), బీబీసీ రేడియో కోసం వాయించినవి, విడి సింగిల్స్ అన్నీ అందులో ఉన్నాయి. అప్పటికి కర్ట్ బతికే ఉన్నాడు. అట్ట మీది బొమ్మ కూడా ఆయన వేసిందే. తన మిగుళ్ళను తనే...

ఇంజనీరు: తనే ఇచ్చాడు! నా పాయింటే మీరు చెప్తున్నారు మేడమ్. తనే ఏరాడు, తనే ఇచ్చాడు.

టీచరు: నన్ను పూర్తి చేయనివ్వండి. మిగులు టేపు అనగానే చెత్త అన్నారు మీరు. ఆయన అలా అనుకోలేదు అంటున్నాను.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. డబ్బు విషయానికి వద్దాం. 'బ్లీచ్' రికార్డింగు ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ ఆల్బమ్ అట్ట మీదే 600 డాలర్లని రాసుంది. ఆరు వందల డాలర్లతో మొదలైన బ్యాండు పేరు మీద ఇవాళ ఇంత వ్యాపారం. ఇది న్యాయమా?

గిటారిస్టు: ఆ ఆరు వందలు కూడ వాళ్ళ దగ్గర లేవు అన్నా. గిటారిస్టు జేసన్ ఎవర్‌మన్ ఇచ్చిండు. అట్ట మీద ఆయన పేరు వేసిన్రు, ఫోటోల ఉన్నడు, కానీ రికార్డుల ఒక్క నోటు వాయించలే.

వ్యాఖ్యాత: చూశారా, అప్పుడు కూడా డబ్బే!

గిటారిస్టు: కాదన్నా, నేను చెప్పేది వేరు. అదే 'బ్లీచ్'ల 'ఫ్లాయిడ్ ద బార్బర్', 'పేపర్ కట్స్' వినుండ్రి. ఆ రెండింటికి డ్రమ్స్ కొట్టింది డేల్ క్రోవర్. 1988 జనవరిల రికార్డింగ్ ఇంజనీరు జాక్ ఎండినో దగ్గర చేసిన డెమో అది. తర్వాత వచ్చిన డ్రమ్మరు చాడ్ చానింగ్‌తోని మళ్ళ రికార్డు చేసి చూసిన్రు, కుదరలే. ఆ డెమోనే తెచ్చి ఆల్బమ్‌ల పెట్టిన్రు. మరి ఏది డెమో, ఏది ఆల్బమ్?

టీచరు: అదీ! 'నెవర్‌మైండ్'లో 'పాలీ' కూడా అంతే. అది లాస్ ఏంజలస్ సౌండ్ సిటీలో చేసింది కాదు. 1990 ఏప్రిల్‌లో మాడిసన్‌లో, స్మార్ట్ స్టూడియోస్‌లో చేసింది. తర్వాతి డ్రమ్మరు డేవ్ గ్రోల్ అప్పటికి బ్యాండులోనే లేడు. సింబల్ మీద దెబ్బ చాడ్ చానింగ్‌ది.

ఇంజనీరు: నాకు తెలుసు మేడమ్. ఈ పని నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. డెమో అయినా ఇంకేదైనా, ఇది ఉండాలి అని ఎవరన్నారు? కర్ట్ అన్నాడు. ఎక్కడ రికార్డు చేశారని కాదు నేను అడుగుతున్నది. ఎవరు ఎంచారు అని. అసలు 'ఇన్ యుటెరో' ఎలా తయారైందో రెండు నిమిషాలు చెప్పనివ్వండి, అప్పుడు మీకే అర్థమవుతుంది.

వ్యాఖ్యాత: చెప్పండి సార్.

ఇంజనీరు: 1993 ఫిబ్రవరి. మిన్నెసోటాలో పాకిడెర్మ్ స్టూడియో, చుట్టూ మంచు. వేరే పేరు మీద బుక్ చేసుకున్నారు, ఎవరికీ తెలియకూడదని. రికార్డు చేసిన ఇంజనీరు స్టీవ్ ఆల్బినీ ముందే వాళ్ళకు ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు. నాకు రాయల్టీ వద్దు, ప్లంబర్‌కిచ్చినట్టు చేసిన పనికి కూలివ్వండి చాలు అని. లక్ష డాలర్లు తీసుకున్నాడు, అంతే. అమ్మకాల్లో వాటా తీసుకుని ఉంటే ఎన్ని రెట్లు వచ్చేదో! రెండు వారాల్లో అయిపోయింది. ఆ డ్రమ్స్ విన్నారా? గది వినపడుతుంది. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడు వినపడుతుంది. మైకు పెట్టడమంటే అదీ! మనం ఇవాళ కంప్యూటర్లో ఒక్కో దెబ్బనూ గీత మీద సర్దుతాం, గది చచ్చిపోతుంది. ఆ రికార్డు విని నేను...

వ్యాఖ్యాత: లక్ష డాలర్లు అన్నారు. అంటే ఈ కొత్త పెట్టె అమ్మకాల్లో ఆల్బినీకి...

ఇంజనీరు: వాటా లేదు. ఆయనే వద్దన్నాడు కదా. సరే, తర్వాతేమైంది? రికార్డు కంపెనీకి నచ్చలేదు. గొంతు లోపలికి పోయిందన్నారు, గీసుకుపోతున్నట్టుంది అన్నారు. పత్రికలకెక్కింది. ఆఖరికి 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండూ ఇంకో నిర్మాత స్కాట్ లిట్‌తో మళ్ళీ మిక్స్ చేయించారు, అంటే గొంతు, వాయిద్యాల పాళ్ళు మళ్ళీ కలిపించారు. మిగతావి ఆల్బినీవే ఉంచి మాస్టరింగులో, అంటే ఆఖరి మెరుగులో, సర్దారు. అంటే ఏమిటి? గొడవ పడ్డారు, ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ నిర్ణయం పేరే ఆల్బమ్. ఇప్పుడు 72 ట్రాకులు పోసి నువ్వే ఏరుకో అంటే, ఆ నిర్ణయాన్ని చెరిపేసినట్టే.

టీచరు: చెరపడమెందుకవుతుంది? ఆ నిర్ణయం ఎంత కష్టమైందో ఇప్పుడే తెలుస్తుంది. 'హార్ట్ షేప్డ్ బాక్స్' సోలో మీద మొదట ఒక ఎఫెక్టు ఉండేది. బ్యాండులో బేస్ గిటారు వాయించే క్రిస్ట్ నోవొసెలిక్‌కు అది అస్సలు నచ్చలేదు. లిట్ మిక్స్‌లో అది పోయింది. రెండూ పక్కపక్కన పెట్టి మా పిల్లలకు వినిపిస్తాను. పాట ఒక్కటే, అందులో మనుషుల తగువు వినపడుతుంది. ఏది బాగుందో నేను చెప్పను, వాళ్ళనే చెప్పమంటాను. ఇంతకంటే మంచి పాఠం ఏముంది? పైగా 2013లో ఆ ఆల్బమ్ మొత్తాన్ని ఆల్బినీయే మళ్ళీ కొత్తగా మిక్స్ చేశాడు. మీ ఆల్బినీయే సార్.

ఇంజనీరు: చేశాడు. చేయకుండా ఉండాల్సింది.

గిటారిస్టు: అదెట్ల అన్నా? రికార్డు చేసిందే ఆయన...

ఇంజనీరు: ఆయనైనా సరే! కర్ట్ లేని గదిలో కర్ట్ గొంతు ఎంత పైకి ఎత్తాలో ఎవరు చెప్తారు? చెప్పే మనిషి లేడు. నేను మళ్ళీ అదే అంటున్నాను, మూడే. మూడు ఆల్బమ్‌లు.

వ్యాఖ్యాత: ఈ వారమే బీటిల్స్ కూడా ప్రకటించారు. వాళ్ళలో చనిపోయిన జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాట నుంచి కంప్యూటరు సాయంతో గొంతు విడదీసి కొత్త పాట తెస్తున్నారు. రేపు నిర్వాణాకూ ఇదే జరుగుతుందా?

ఇంజనీరు: సగం జరిగిపోయింది సార్. ఈ పెట్టెలో రెండు కచేరీలున్నాయి, లాస్ ఏంజలస్, సియాటిల్. సౌండ్‌బోర్డు నుంచి తీసిన స్టీరియో టేపులవి. అంటే అన్నీ కలిసిపోయి ఉన్నవి. వాటిని మళ్ళీ కట్టారు. కలిపేసిన పులుసులోంచి ఉప్పు వేరుగా తీసినట్టు.

టీచరు: ఆ కట్టింది ఎవరో కూడా చెప్పండి.

ఇంజనీరు: జాక్ ఎండినో.

టీచరు: అవును, ఆ 606 డాలర్ల రికార్డు చేసిన ఎండినో. ఈసారి ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసింది బాబ్ వెస్టన్. పాకిడెర్మ్‌లో ఆల్బినీ పక్కన సహాయకుడిగా ఉన్నది ఆయనే. బయటివాళ్ళు ఎవరున్నారండీ ఇందులో? గదిలో ఉన్నవాళ్ళే కదా చేస్తున్నది!

ఇంజనీరు: ఉన్నవాళ్ళే. కానీ మేడమ్, ఉండాల్సినవాడు లేడు.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

వ్యాఖ్యాత: దీనికి డబ్బు కోణం...

టీచరు: ఒక్క ప్రశ్న. 'యూ నో యూ ఆర్ రైట్'. 1994 జనవరి 30న సియాటిల్ దగ్గర రాబర్ట్ లాంగ్ స్టూడియోస్‌లో చేశారు. అదే వాళ్ళు స్టూడియోలో పూర్తి చేసిన చివరి పాట. 2001లో కర్ట్ భార్య కోర్ట్నీ లవ్ కోర్టుకు వెళ్ళడం, గ్రోల్, నోవొసెలిక్‌లతో గొడవ, అది తేలాక 2002లో పాట బయటికి రావడం. మీ లెక్కన ఆ పాట మనం వినకూడదు. అంతేనా?

ఇంజనీరు: వినొద్దు అనలేదు.

టీచరు: అమ్మకూడదు అన్నారు. అమ్మకపోతే ఎలా వింటాం? దొంగ క్యాసెట్లలోనా?

వ్యాఖ్యాత: కోర్టు అన్నారు కదా, అక్కడే ఉంది అసలు కిటుకు! పాట ఎనిమిదేళ్ళు ఎందుకు ఆగింది? హక్కులు ఎవరివని. ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో కర్ట్ వాయించిన మార్టిన్ గిటారు 2020లో వేలంలో అరవై లక్షల డాలర్లు పలికింది. 'నెవర్‌మైండ్' అట్ట మీద పసిబిడ్డగా ఉన్నతను 2021లో కేసు వేశాడు. ఎటు చూసినా...

గిటారిస్టు: అన్నా, గిటారు ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్త. పేరు అన్‌ప్లగ్డ్, అంటే ప్లగ్ పెట్టనిది, గానీ ఆ గిటారును ఆయన యాంప్‌కు పెట్టుకుండు. 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్'ల సోలో వినుండ్రి, పెడల్ ఒత్తింది తెలుస్తది.

ఇంజనీరు: కరెక్ట్. ఆ విషయంలో నీకు నూటికి నూరు మార్కులు తమ్ముడూ.

టీచరు: అన్‌ప్లగ్డ్ ఆల్బమ్ కూడా 1994 నవంబరులో వచ్చింది సార్. ఆయన పోయాక ఏడు నెలలకు.

ఇంజనీరు: అది వేరు! 1993 నవంబరు 18న జనం ముందు వాయించాడు, డిసెంబరులో టీవీలో వేశారు, అప్పుడు ఆయన బతికే ఉన్నాడు. నేను ఇంట్లో పాడుకున్న క్యాసెట్ల సంగతి మాట్లాడుతున్నాను. 2015లో 'మాంటాజ్ ఆఫ్ హెక్' పేరుతో ఇంటి రికార్డింగులు తెచ్చారు. ఒక మనిషి ఒంటరిగా గదిలో కూర్చుని చేసుకున్న చప్పుళ్ళు, సగంలో వదిలేసిన కూనిరాగాలు. అది ఎవరి కోసం చేసుకున్నాడు? మనకోసమా? నేను వినలేకపోయాను. తలుపు సందులోంచి తొంగి చూసినట్టనిపించింది.

గిటారిస్టు: అన్నా, నా సంగతి చెప్త. నేను గిటారు నేర్చుకుంటప్పుడు 'నెవర్‌మైండ్' వింటే భయమైతుండె. ఇంత మంచిగ ఎవరు వాయించగలరు అని. తర్వాత 'విత్ ద లైట్స్ అవుట్' అనే పాత టేపుల పెట్టెల 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' రిహార్సల్ విన్న. మాటలు ఇంకా పూర్తిగ లేవు, ఏదో గొణుగుతుండు. సౌండ్ అంత పగిలిపోయుంది. ఆ రోజు నాకు ధైర్యమొచ్చింది. వాళ్ళు కూడ ఇట్లనే మొదలుపెట్టిన్రు అని. ఆ టేపు బయటికి రాకుంటే నేను ఇయ్యాల బ్యాండుల ఉండకపోదును.

ఇంజనీరు: సంతోషం తమ్ముడూ. కానీ నీకు మేలు జరిగిందని...

గిటారిస్టు: మీ దగ్గర ఆ పెట్టె ఉన్నదా అన్నా?

ఇంజనీరు: ఉంది. 2004లో వచ్చినప్పుడే తెప్పించుకున్నాను. విన్నాను కాబట్టే చెప్తున్నాను.

టీచరు: మనవైపు నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడి భాండారంలో కొన్ని వందల ఏళ్ళు పడి ఉన్నాయి. అవి బయటికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటివాళ్ళు చదివి అచ్చు వేయకపోతే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు బాణీలు కట్టకపోతే ఇవాళ మన నోట ఆ కీర్తనలు...

ఇంజనీరు: మేడమ్, మేడమ్! ఆ రేకులు చెక్కించిందెవరు? కొడుకు, పెద తిరుమలాచార్యుడు. చెక్కించిందే తరతరాలు నిలవాలని! రాగి మీద చెక్కించినవాడు రేపటి మనిషి కోసం చెక్కిస్తాడు. బూమ్‌బాక్స్‌లో క్యాసెట్ వేసి బటన్ నొక్కినవాడు తన జ్ఞాపకం కోసం నొక్కుతాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

టీచరు: రాగం పేరు రేకు మీద ఉంది, బాణీ లేదు కదండీ. రాళ్ళపల్లి వారు కట్టిన బాణీకి అన్నమయ్య అనుమతి ఎక్కడుంది? అయినా మనం పాడుకుంటున్నాం. మీరు 2013 మిక్స్ వద్దంటే ఇదీ వద్దనాలి.

ఇంజనీరు: అది సంప్రదాయం, ఇది రికార్డు! పాట వేరు, రికార్డు వేరు! పాటను వందమంది పాడొచ్చు. రికార్డు ఒక రోజు, ఒక గదిలో, ఆ మనుషుల మధ్య జరిగిన సంగతి. 'సమ్‌థింగ్ ఇన్ ద వే' ఎలా చేశారో తెలుసా? కర్ట్ కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని గొణిగినట్టు పాడితే, 'నెవర్‌మైండ్' నిర్మాత బుచ్ విగ్ ఫోను తీసేసి, ఫ్యాన్ ఆపేసి అక్కడే మైకు పెట్టాడు. మళ్ళీ చేయగలరా? దాన్ని ముట్టుకోగలరా? 2011లో 'నెవర్‌మైండ్'ను రీమాస్టర్ చేస్తూ సౌండ్ ఎంత పెంచారు! ఊపిరాడకుండా నొక్కేశారు. నా 1991 సీడీ పక్కన పెట్టి విని ఏడ్చినంత పనైంది. అందుకే అంటున్నాను...

టీచరు: సౌండ్ పెంచడం తప్పే, దానికి ఒప్పుకుంటాను. కానీ అది వేరే...

ఇంజనీరు: ఒప్పుకున్నారు!

టీచరు: ఆ ఒక్కదానికి!

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడుతోంది. ఒక్క మాటలో చెప్పండి, ఇది వ్యాపారమా, కళా? తమ్ముడూ?

గిటారిస్టు: ఒక్క మాటల ఎట్ల చెప్తరన్నా? నేను ఈ పెట్టెల సియాటిల్ కచేరీ రాత్రంత విన్న. వాళ్ళ సొంతూరుల ఆఖరి కచేరీలల్ల అదొకటి...

వ్యాఖ్యాత: థాంక్యూ. మేడమ్, పది సెకన్లు.

టీచరు: పది సెకన్లలో నేనేం చెప్పను? సార్‌కు ఎంతసేపు ఇచ్చారో చూడండి ఒకసారి.

వ్యాఖ్యాత: సార్, మీరు ముగించండి.

ఇంజనీరు: 'ఇన్ యుటెరో' పన్నెండు పాటలు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. నలభై నిమిషాలే. అదయ్యాక పెట్టె తెరవాలనిపిస్తే తెరవండి.

వ్యాఖ్యాత: బ్యాండు ఒప్పుకున్నదే ఆల్బమ్ అన్న సార్ వాదన ఇవాళ బలంగా వినిపించింది. ఈ డబ్బు ఎవరి జేబులోకి అన్నది మాత్రం...

టీచరు: నేను ఒప్పుకోవట్లేదండీ. బలంగా కాదు, గట్టిగా వినిపించింది.

ఇంజనీరు: మేడమ్, ఆ స్కాట్ లిట్ మిక్స్ గురించి ఇంకొక్కటి...

(రికార్డింగ్ ఇక్కడితో ఆగింది.)