సంతకం పెట్టే ముందు

(అనంతపురంలో పొదుపు సంఘాల మహిళల సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, నమస్కారం.

మార్చి 8 అంటే మనకు శాలువాలు, ముగ్గుల పోటీలు. ఉండనీండి, ఆ సంతోషం మనకు అవసరమే. కానీ ఈ రోజుకు ఇంత పేరు తెచ్చింది 1917లో రష్యాలో బట్టల మిల్లుల ఆడవాళ్లు. రొట్టె కావాలని పెట్రోగ్రాడ్ వీధుల్లోకి వచ్చారు. వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు. ఆ రోజు వాళ్లు అడిగింది తిండి. కాబట్టి నేనూ ఈ రోజు తిండి పెట్టే భూమి గురించే మాట్లాడతాను.

పై దేశాల్లో ఆడవాళ్లకు అన్నీ ముందే దక్కాయని మనం అనుకుంటాం. ఇంగ్లండులో 1882 చట్టం వచ్చేదాకా పెళ్లైన ఆడదాని ఆస్తి చాలామటుకు మొగుడి చేతికే పోయేది. ఫ్రాన్సులో భర్త అనుమతి లేకుండా భార్య బ్యాంకు ఖాతా తెరవగలిగింది 1965 తర్వాతే. ఇక స్పెయిన్ సంగతి మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫెర్రర్ గారి సేవాసంస్థ ఆర్డీటీకి, దాని బత్తలపల్లి ఆస్పత్రికి విరాళాలు ఎక్కువగా అక్కడినుంచే వచ్చాయి కదా. ఆ దేశంలో 1975 దాకా పెళ్లైన ఆడమనిషి ఉద్యోగంలో చేరాలన్నా, ఆస్తి కాగితం మీద సంతకం చేయాలన్నా మొగుడి అనుమతి ఉండాలి. మరియా తేలో అనే లాయరమ్మ, ఆమెతోటి మహిళా లాయర్లు ఏళ్ల తరబడి పట్టుబట్టి ఆ నిబంధన తీసేయించారు.

మన దగ్గర 1956 హిందూ వారసత్వ చట్టంతోనే, విల్లు రాయకుండా తండ్రి చనిపోతే ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా వచ్చింది. పిత్రార్జితం మాత్రం కొడుకులదిగానే ఉండిపోయింది. అందులో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇవ్వడంలో మన రాష్ట్రం దేశానికే ముందు నడిచింది. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే అప్పటికే పెళ్లైన ఆడపిల్లలను అది బయట పెట్టింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనీ లేదని, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ముస్లిం అక్కలకు షరియత్ ప్రకారం కొడుకు వాటాలో సగం, క్రైస్తవ కుటుంబాల్లో కూతురికీ కొడుక్కీ సమానం.

ఇన్ని చట్టాలు ఉన్నా దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 2015-16 లెక్కల ప్రకారం 14 శాతం దగ్గరే. మిగతాది ఎక్కడ జారిపోతోందో రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఒక పూట నిలబడితే కనిపిస్తుంది. ముందు అన్నదమ్ములు, వెనక చెల్లెలు. దస్తావేజు రాసే ఆయన "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తాడు. తర్వాత వేలిముద్ర. చెనక్కాయ చేలల్లో కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపోయిన బొటనవేలు మిషన్‌కు ఒక్కసారికి పడదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టిస్తారు. "ఏం కాగితమమ్మా?" అని అడిగితే "ఏమో మేడం, అన్న సంతకం కావాలన్నాడు, వచ్చినా" అంటుంది. అది హక్కు విడుదల పత్రం, అంటే తన వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం. ఇంటికి వెళ్లేటప్పుడు ఒక చీర పెడతారు.

ఆ చెల్లెలిని నేను తప్పుపట్టను. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరేమో అన్న భయం ఉత్త భయం కాదు, అలా జరగడం నేను చూశాను. అన్న కష్టాల్లో ఉన్నాడు, నాకొద్దు అని తెలిసి వదులుకుంటే అది ఆమె ఇష్టం. తెలియకుండా రాయించుకోవడం మాత్రం మోసం. "కట్నం ఇచ్చాం కదా, నీ వాటా చెల్లిపోయింది" అంటారు. ఏ చట్టంలోనూ ఆ మాట లేదు. కట్నమే 1961 నుంచి నేరం.

విత్తనం కాయలు వలిచేది, కలుపు తీసేది, చెట్టు పీకి కాయ కోసేది మనం. పాసుపుస్తకం మీద పేరు ఆయనది. పంట రుణం, నష్టపరిహారం ఆ పేరు చూసే వస్తాయి. ఆయన బోర్ల అప్పుల్లో ప్రాణం తీసుకుంటే, అదే కాగితం కోసం భార్య పిల్లల్ని వెంటేసుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. ఈ జిల్లాలో అలాంటి తల్లులు ఎంతమందో మీకు తెలుసు.

బీహారులో బుద్ధగయ మఠం భూముల కోసం కూలీలు చేసిన పోరాటం గెలిచాక, 1980ల మొదట్లో, అధికారులు పట్టాలు మగవాళ్ల పేరున రాయబోయారు. పోరాటంలో ముందు నిలబడిన కూలి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. మా పేరున ఇవ్వకపోతే భూమే వద్దన్నారు. మగవాళ్లు కూడా వాళ్ల పక్షాన నిలిచారు. చివరికి కొన్ని ఊళ్లలో ఆడవాళ్ల పేర్లతో పట్టాలు వచ్చాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ మగవాళ్లు కూడా కలిసి నిలబడటం.

రువాండాలో 1994 మారణహోమం తర్వాత ఊళ్లనిండా విధవరాళ్లు మిగిలారు. వాళ్ల చేతికి భూమి రాకపోతే దేశానికి తిండి లేదు. 1999లో కూతుళ్లకు సమాన వారసత్వం ఇస్తూ చట్టం చేశారు. ఆ తర్వాత దేశమంతా భూములు సర్వే చేసి, చట్టబద్ధంగా పెళ్లైన జంటలకు ఇద్దరి పేరునా పట్టాలిచ్చారు. మన దగ్గర కూడా కొత్తగా కొనే సెంటు స్థలమైనా భార్యాభర్తలిద్దరి పేరునా రాయించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఇక పని మాట. ఊరికి వెళ్లాక మీ పుట్టింటి సర్వే నంబరు కనుక్కోండి. మీ సేవలో 1బీ (భూమి రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. ఎవరి పేరున ఉందో, ఎప్పుడు మారిందో తెలుస్తుంది. 2005 సవరణ ప్రకారం, 2004 డిసెంబరు 20కి ముందే పంపకం జరిగి రిజిస్టరు అయివుంటే దాన్ని కదిలించలేం, ముందే చెబుతున్నాను. మోసంతో సంతకం తీసుకుని ఉంటే, ఆ సంగతి తెలిసిన మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఎవరైనా కాగితం ముందు పెడితే "చదివి వినిపించు, నకలు ఇవ్వు, రేపు చెబుతా" అనండి. మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును పెడతారు, కోర్టు ఆవరణలోనే ఆఫీసు.

కాగితాలు తెచ్చుకున్నవాళ్లు కొందరు వెనక వరుసల్లో కనిపిస్తున్నారు. ముందుకు రండమ్మా, ఒక్కొక్కటిగా చూద్దాం.