మెడలో ట్యూబు ఉందని ధీమా వద్దు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఈఎన్‌టీ వాళ్లు, మత్తు డాక్టర్లు, సిస్టర్లు, టెక్నీషియన్లతో పాటు కొందరు తల్లిదండ్రులు కూడా కూర్చున్నారు కాబట్టి అందరికీ అర్థమయ్యేలా మాట్లాడతాను.

ట్రాకియాస్టమీ ఉన్న బిడ్డని, అంటే ఊపిరి కోసం మెడలో రంధ్రం చేసి ట్యూబు పెట్టిన బిడ్డని, శ్వాసనాళం లోపల చూడటానికి థియేటర్‌కి తీసుకొస్తే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ట్యూబు ఉందిగా, ఇంక టెన్షన్ ఏముంది?" అని. నాకు భయం పుట్టించేది ఆ మాటే. రంధ్రం పైన కండ పెరిగిందా, అక్కడి గోడ మెత్తబడి లోపలికి కుంగుతోందా అని సరిగ్గా చూడాలంటే పరీక్ష మధ్యలో ఆ ట్యూబునే బయటికి తీయాలి. ఈ పిల్లల్లో చాలామంది నెల తక్కువ పుట్టి, వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి, స్వరపేటిక కింద దారి బిగుసుకుపోయినవాళ్లు. మాస్కు పెట్టి బ్యాగు నొక్కినా గాలి కిందికి దిగకపోవచ్చు, దిగిన కొంచెం కూడా మెడలోని రంధ్రం నుంచి బయటికి పోతుంది.

పైగా టైం ఉండదు. పెద్దవాళ్లు కిలో బరువుకి నిమిషానికి సుమారు 3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడితే పసివాళ్లు 6, 7 వాడతారు, వాళ్ల ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండేదేమో తక్కువ. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2, గాలికి అడ్డు 16 రెట్లు అవుతుంది.

అందుకే ట్యూబు తీసేముందు అందరూ ఒక్క నిమిషం ఆగి మాట్లాడుకోవాలి: తీసేది ఎవరు, తిరిగి పెట్టేది ఎవరు, ఎక్కడ ఆపేయాలి. అదే సైజు ట్యూబు ఒకటి, అర సైజు చిన్నది ఒకటి ప్యాకెట్ విప్పి ట్రేలో ఉండాలి, బీరువాలో కాదు. మన దగ్గర లోహపు ట్యూబుతో వచ్చే పిల్లలూ ఉంటారు, మత్తు మెషీన్ నుంచి గాలి తెచ్చే మన సర్క్యూట్ గొట్టాలు దానికి తగలవు. ఆ సంగతి ముందురోజు వార్డులోనే చూడాలి, మత్తిచ్చాక కాదు. బిడ్డ మాట్లాడటానికని ట్యూబుకి పెట్టే వాల్వు ఉంటే మత్తు మొదలుపెట్టకముందే తీసేయండి, అది గాలిని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

మత్తు విషయంలో నా మాట: బిడ్డ ఊపిరి బిడ్డనే తీసుకోనివ్వండి. పీల్చే మత్తు గ్యాస్ సెవోఫ్లూరేన్‌తో మొదలుపెట్టినా ట్యూబు తీయగానే ఆ గ్యాస్ థియేటర్‌లోకి పోతుంది, మత్తు తేలిపోతుంది, కాబట్టి నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపొఫాల్ ముందే నడుస్తూ ఉండాలి. స్వరతంత్రుల మీద మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ స్ప్రే, డోసు బరువుని బట్టే. ట్యూబు ఉన్నంతసేపు గొంతు బిగుసుకున్నా బిడ్డకి ఏమీ కాదు, తీశాక అదే ప్రాణం మీదికి వస్తుంది.

కళ్లు మాత్రం కాప్నోగ్రాఫ్ మీదే, అంటే బయటికొచ్చే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని గీతగా చూపే మెషీన్ మీదే ఉంచండి. ఆక్సిజన్ అంకె పడేసరికే ఆలస్యం అయిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ గీత ముందే చెబుతుంది. బ్రిటన్‌లో 2011లో వచ్చిన నాలుగో జాతీయ ఆడిట్‌లో, ఐసీయూల్లో శ్వాసమార్గ సమస్యలతో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా వాటిలో కాప్నోగ్రాఫ్ వాడకపోవడం ఒక కారణమని తేలింది. కఫ్ (ట్యూబు చుట్టూ ఉబ్బే బెలూన్) లేని ట్యూబు పక్కనుంచి గాలి కారి గీత చిన్నగా కనిపించొచ్చు, ఫర్వాలేదు. అసలు గీతే లేకపోతే మాత్రం మెషీన్‌ని తిట్టుకుంటూ కూర్చోకండి. కఫం లాగే సక్షన్ గొట్టం ట్యూబులోంచి దిగుతుందా చూడండి, దిగకపోతే తటపటాయించకుండా ట్యూబు మార్చండి, ఈలోపు ముఖానికీ, మెడలోని రంధ్రానికీ రెండు చోట్లా ఆక్సిజన్ పెట్టండి. రంధ్రం చేసి వారం కూడా కాని బిడ్డలో బలవంతంగా తోస్తే ట్యూబు శ్వాసనాళంలోకి కాకుండా పక్క కండలోకి పోతుంది, ఆగగలిగితే అలాంటి బిడ్డకి ఈ పరీక్ష వాయిదా వేయడమే మేలు.

ఇంకొకటి, తల్లిని అడగండి. రాత్రి ఎన్నిసార్లు సక్షన్ చేసింది, ట్యూబు మార్చేటప్పుడు ఏ వాలులో సులువుగా పోతుంది, ఇవి కేస్ షీట్‌లో ఉండవు, ఆవిడకి తెలుసు. పరీక్ష అయ్యాక మీరు ట్యూబు సైజు మారిస్తే ఆవిడ సంచిలో ఉన్న స్పేర్ ట్యూబులు పాత సైజువే ఉంటాయి. డిశ్చార్జికి ముందు వాటిని మార్చి ఇవ్వండి, ఎందుకు మార్చారో కూడా చెప్పండి.